ఏసీలు బిగించిన ఊరికి అతిథిగా: ఒమన్‌లో తొమ్మిది రాత్రులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇప్పుడు కరీంనగర్‌లో స్థిరపడ్డాం. మా ఆయన 1996 నుంచి 2004 దాకా మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేశారు. మా పెళ్ళి 2002 ఫిబ్రవరి 18న అయింది. నలభై రోజులకే మళ్ళీ విమానం ఎక్కారు. 2027లో మాకు 25 ఏళ్ళు నిండుతాయి. ఒమన్‌లో కొండలు, ఎడారి, సముద్రం అన్నీ చాలా బాగుంటాయని ఈ మధ్య వీడియోల్లో చూశాను. ఆయన్ను అడిగితే "ఏముందక్కడ, ఎండ" అని నవ్వుతారు. ఎనిమిదేళ్ళున్నా ఆయనకు తెలిసింది మస్కట్‌లోని రూవీ, ఘలా పేటలు మాత్రమే. సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్‌కు మాత్రం వెనక గేటు నుంచి వెళ్ళి ఏసీలు బాగుచేసేవారట. ఈసారి ముందు గేటు నుంచి తీసుకెళ్ళాలని నా కోరిక. ఆయనకు చెప్పకుండా ప్లాన్ చేస్తున్నాను. చిట్టీ ఎత్తిన డబ్బు, దాచుకున్నది కలిపి 9 లక్షలు ఉన్నాయి. ఏజెంట్ 11 లక్షలు అంటున్నాడు. ఫిబ్రవరి 14 నుంచి 9 రాత్రులు, 7 హోటళ్ళు: మస్కట్ ఒకటి, ముసందం రెండు, జబల్ అఖ్దర్ కొండ ఒకటి, నిజ్వా ఒకటి, వహీబా ఎడారి ఒకటి, రాస్ అల్ జింజ్ ఒకటి, సలాలా రెండు. నేను మాంసం తినను, మోకాళ్ళు అంతంత మాత్రం. ఈ ప్లాన్ బాగుందా? అదే హోటల్‌లో గది తీసుకుంటే ఆయన సంతోషిస్తారా, నొచ్చుకుంటారా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చెల్లెమ్మా, ముందు మీ ఏజెంట్ ప్లాన్ సంగతి తేల్చేద్దాం. ఏడు హోటళ్ళంటే తొమ్మిది రోజుల్లో ఏడుసార్లు పెట్టె విప్పడం, ఏడుసార్లు సర్దడం. పెద్ద హోటళ్ళలో గది చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడవుతుంది, మర్నాడు పన్నెండుకల్లా ఖాళీ చేయాలి. ఒక్క రాత్రికి దిగితే అంత డబ్బు పోసి మీరు అనుభవించేది ఒక సాయంత్రం, ఒక టిఫిన్. కొండ అంచున సొంత ఈతకొలను ఉన్న గది తీసుకుని, దాంట్లో కాలు పెట్టే తీరిక లేకుండా కారెక్కడానికా చిట్టీ ఎత్తింది?

అందుకని రెండు పేర్లు కొట్టేయండి. ముసందం, సలాలా.

ముసందం చాలా అందంగా ఉంటుంది, కాదనను. నిటారు కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొస్తుంది. పడవ పక్కన డాల్ఫిన్లు ఎగురుతాయి. కానీ అది మిగతా ఒమన్‌కు అతుక్కుని లేదు, మధ్యలో యూఏఈ ఉంది. రోడ్డున వెళ్ళాలంటే యూఏఈలోకి వెళ్ళి మళ్ళీ ఒమన్‌లోకి రావాలి. మన పాస్‌పోర్టుకు అది ఇంకో వీసా, ఇంకో రెండు చెక్‌పోస్టులు. అక్కడి పేరున్న రిసార్టుకు చాలామంది దుబాయ్ నుంచే వెళ్తారు, అదే దగ్గర. ఎప్పుడైనా దుబాయ్ వెళ్తే దానికి కలుపుకోండి.

సలాలా విషయంలో మీ ఏజెంట్ చూపించిన పచ్చని ఫొటోలు ఖరీఫ్ నాటివి అయి ఉంటాయి. మనం ఖరీఫ్ పంట అంటామే, అదే అరబ్బీ మాట. అక్కడ మాత్రం అది జూన్ 21 ప్రాంతంలో మొదలై సెప్టెంబర్ 21 దాకా ఉండే తుంపర కాలం పేరు. మిగతా గల్ఫ్ అంతా నలభై అయిదు డిగ్రీల్లో ఉడుకుతుంటే సలాలా కొండలు మంచు కప్పుకుని గడ్డితో పచ్చగా ఉంటాయి. ఆ మూడు నెలలూ దాటితే అవే కొండలు గోధుమ రంగుకు తిరుగుతాయి. అప్పుడూ సముద్రం ఉంటుంది, కొబ్బరితోటలు ఉంటాయి, రోడ్డు పక్కన అరటిగెలలు, బొప్పాయిలు అమ్ముతుంటారు. కానీ కోనసీమ చూసినవాళ్ళు దానికోసం మస్కట్ నుంచి ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు విమానంలో వెళ్ళనక్కర్లేదు. ఇంకో ఏడాది ఆగస్టులో దానికోసమే వెళ్ళండి.

ఇక తేదీ. ఫిబ్రవరి 14 నుంచి ఏజెంట్ ఆఫర్ ఎందుకిస్తున్నాడో మీకు చెప్పాడా? 2027లో రంజాన్ నెల ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది, నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ. రంజాన్‌లో వెళ్ళకూడదని కాదు. సాయంత్రం ఇఫ్తార్ వేళ మస్కట్‌లోని ముత్రా వీధుల్లో ఉంటే ఆ కళే వేరు. కానీ పగలు బయట ఎక్కడా తినకూడదు, కారులో కూర్చుని మంచినీళ్ళు తాగడానికీ మొహమాటపడాలి. చాలా హోటళ్ళు (అంటే మన భోజన హోటళ్ళు) సాయంత్రం దాకా మూసి ఉంటాయి. జీవితంలో ఒక్కసారి చేసుకునే ప్రయాణం, పైగా మాంసం తినని మనిషి. ఆ ఇబ్బంది మీకెందుకు?

పెళ్ళిరోజు ఇంట్లో చేసుకోండి. ప్రయాణం మార్చి 21, ఆదివారం నాడు పెట్టుకోండి. అప్పటికి ఈద్ సందడి సర్దుకుంటుంది, ఉగాదికి ఇల్లు చేరతారు. మస్కట్‌లో పగలు వేడిగానే ఉంటుంది, మన కరీంనగర్ మార్చి అంత కాదనుకోండి. కానీ కొండ మీద రాత్రుళ్ళు శాలువా కావాలి. ఇంకో లాభం ఉంది, దాని సంగతి కొండ దగ్గరకు వచ్చాక చెప్తాను.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. ఆయనకు చెప్పకుండా తీసుకెళ్దామన్నది వదిలేయండి. మనసు సంగతి తర్వాత, ముందు కాగితాల సంగతి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనిషికి పాత రికార్డు ఉంటుంది. కంపెనీ మార్చేటప్పుడు గొడవైందా, వీసా రద్దు చేయించుకుని పద్ధతిగా వచ్చారా, లేక ఎందరో చేసినట్టు మధ్యలో ఖల్లివల్లి అయి (కంపెనీ వదిలి పారిపోయి) తర్వాత ఆమ్నెస్టీలో (ప్రభుత్వ క్షమాభిక్షలో) బయటపడ్డారా, ఇవి ఆయనకే తెలుసు. ఏదైనా చిక్కు ఉంటే టికెట్లు, గదులు కొన్నాక విమానాశ్రయంలో బయటపడకూడదు. ఆయన్ను కూర్చోబెట్టి అడగండి, పాత పాస్‌పోర్టు బీరువాలోంచి తీయించండి. ముందు వీసా, అది చేతికొచ్చాకే మిగతా డబ్బు కట్టడం.

వీసా కష్టమేం కాదు. రాయల్ ఒమన్ పోలీసుల ఈ-వీసా సైట్లోనే అప్లై చేయాలి. 10 రోజుల టూరిస్ట్ వీసాకు 5 రియాళ్ళు, 30 రోజులదానికి 20 రియాళ్ళు. తొమ్మిది రాత్రులంటే ఖచ్చితంగా పది రోజులవుతాయి. తిరుగు విమానం అర్ధరాత్రి దాటి బయలుదేరితే పదకొండో రోజులోకి వెళ్ళిపోతారు. పదిహేను రియాళ్ళ కోసం ఆ టెన్షన్ వద్దు, పెద్దదే తీసుకోండి. అమెరికా, బ్రిటన్, షెంగెన్ లాంటి వీసా ఏదైనా పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉంటే 14 రోజులు వీసా లేకుండానే వెళ్ళే వీలుంది, షరతులు అదే సైట్లో చూసుకోండి.

నేను చెప్పే వరుస ఇది: మస్కట్ రెండు రాత్రులు, జబల్ అఖ్దర్ మూడు, ఎడారి ఒకటి, రాస్ అల్ జింజ్ ఒకటి, మళ్ళీ మస్కట్ రెండు. గుండ్రంగా తిరిగి మొదలెట్టిన చోటికే వస్తారు, వెళ్ళిన దారిన వెనక్కి రానక్కర్లేదు.

మస్కట్‌లో మొదటి ఉదయం సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు. ముస్లిములు కానివాళ్ళకు శనివారం నుంచి గురువారం దాకా, ఉదయం 8 నుంచి 11 వరకే ప్రవేశం. శుక్రవారం లేదు. ఆడవాళ్ళు తల, చేతులు, కాళ్ళు పూర్తిగా కప్పుకోవాలి. నిండు చేతుల చుడీదార్, పెద్ద చున్నీ అయితే సరిపోతుంది. చీరైతే జాకెట్టు చేతుల దగ్గర ఆపుతారు. లోపల 600 మంది మహిళలు నాలుగేళ్ళపాటు నేసిన తివాచీ ఉంది, బరువు 21 టన్నులు. దాని మీద 14 మీటర్ల ఎత్తున్న దీపాల గుత్తి వేలాడుతుంటుంది. ఇవన్నీ గైడ్ చెప్తాడు. గైడ్ చెప్పనిది ఒకటుంది. ఆ మసీదు తెరిచింది 2001లో, అంటే మీ ఆయన అక్కడ ఉన్నప్పుడే. అది కడుతుంటే రోజూ బస్సులోంచి చూసిన మనిషి మీ పక్కనే ఉంటారు. ఆయన్ను చెప్పనివ్వండి.

విమానాశ్రయం మాత్రం ఆయన గుర్తుపట్టలేరు. కొత్త టెర్మినల్ 2018లో వచ్చింది. సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒపేరా హౌస్ 2011ది. పాత మస్కట్‌లో రాజభవనం దగ్గర వందేళ్ళు దాటిన శివాలయం ఉంది, అది మాత్రం అలాగే ఉంది. గుజరాతీ వ్యాపారులు తరతరాలుగా అక్కడున్నారు కదా. సోమవారం దర్శనం చేసుకుంటే మీ అత్తగారికి చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది.

సాయంత్రం ముత్రా సూక్, అంటే బజారు. అక్కడ సాంబ్రాణి వాసనకు ముక్కు దానంతటదే దారి పడుతుంది. వాళ్ళు లుబాన్ అంటారు. మన అడవుల్లోని అందుగు చెట్టుకు దగ్గరి బంధువైన చెట్టు గాట్లలోంచి కారే బంక అది, సలాలా వెనక ఉన్న ఎండు లోయల్లో దొరుకుతుంది. ఎర్రగా, ముద్దలుగా ఉన్నది చవక. లేత ఆకుపచ్చ ఛాయతో అద్దపు పలుకులా ఉండేది హోజరీ, అన్నింటికన్నా మేలురకం. నాలుగు షాపులు తిరిగి కొనండి. బేరం ఆయనకు వదిలేయండి. అరబ్బీ అంకెలు మర్చిపోయి ఉండరు.

మంగళవారం కొండకు బయలుదేరండి. మస్కట్ నుంచి నిజ్వా వైపు రోడ్డు బ్రహ్మాండంగా ఉంటుంది, 160 కిలోమీటర్లు, రెండు గంటల లోపే. నిజ్వాకు కాస్త ముందు బిర్కత్ అల్ మౌజ్ దగ్గర కొండ దారి మొదలవుతుంది, అక్కడ పోలీసు చెక్‌పోస్టు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే పైకి వదలరు. ఇది నేను అనుభవించి చెప్తున్నాను. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కారు అద్దెకిచ్చిన వాళ్ళు "రోడ్డంతా తారే సార్, ఏ కారైనా ఎక్కుతుంది" అన్నారు. తారు రోడ్డే, నిజమే. కానీ పోలీసాయన మా చిన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, చిరునవ్వుతో చెయ్యి వెనక్కి చూపించాడు. పైన గదికి డబ్బు కట్టేసి కింద రెండు గంటలు ఎండలో నిలబడి, ఒక స్థానికుడి బండి మాట్లాడుకుని ఎక్కాం. దిగేటప్పుడు తెలిసింది ఆ రూలు ఎందుకో. వంపు తర్వాత వంపు, బ్రేకు వాసన కమ్మేస్తుంది.

మీరు డ్రైవర్‌తో సహా పెద్ద బండి తీసుకోండి. అక్కడ కుడివైపు నడపాలి, మీ ఆయన నడిపి ఇరవై ఏళ్ళు దాటింది. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే రెండు చోట్ల పెట్టండి, ఒకటి ఈ డ్రైవర్, రెండోది కొండ మీద గది.

జబల్ అఖ్దర్ అంటే పచ్చని కొండ. చూడగానే పచ్చగా ఉంటుందని అనుకోకండి, రాయి కొండే. పైన సైక్ అనే మైదానం సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. లోయ అంచునే రెండు పెద్ద రిసార్టులు ఉన్నాయి, అనంతర, అలీలా. అనంతరలో లోయ మీదికి పొడుచుకొచ్చిన ఒక తిన్నె ఉంది. 1986లో బ్రిటన్ యువరాణి డయానా అక్కడ నిలబడి చూసింది కాబట్టి ఇప్పటికీ దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు. సూర్యాస్తమయానికి అక్కడ ఫోన్లు పట్టుకుని జనం నిలబడి ఉంటారు. మీ గది వసారాలోంచి కనిపించేదీ అదే లోయ.

మార్చి చివర్లో ఎందుకు రమ్మన్నానంటే, గులాబీలు మొదలయ్యేది అప్పుడే. విరగబూయడం చూడాలంటే ఏప్రిల్ రావాలి గానీ మీకు మొదటి పూలు దొరుకుతాయి. లోయ అంచున అల్ ఐన్, అల్ అఖ్ర్ అని చిన్న ఊళ్ళున్నాయి. కొండను మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టు మీద ఒక్కో మడి. ఆ మళ్ళలో ముళ్ళ పొదల మధ్య చిన్న చిన్న లేత గులాబీలు. తెల్లవారుజామునే కోసేస్తారు, ఎండ ఎక్కితే వాసన పోతుందని. ఊళ్ళోకి వెళ్తే మట్టి గోడల గదిలో బట్టీ ఉంటుంది. రేకుల్ని కుండలో పోసి, లోపల చిన్న రాగి గిన్నె పెట్టి, పైన చల్లని నీళ్ళున్న గిన్నె మూతగా పెడతారు. కింద మంట. ఆవిరి పైగిన్నె అడుగుకు తగిలి చల్లబడి చుక్క చుక్కగా లోపలి గిన్నెలోకి దిగుతుంది. మన ఇళ్ళల్లో పెళ్ళికి చల్లే పన్నీరు తెల్లగా, తేలిగ్గా ఉంటుంది కదా. ఇది కొంచెం గోధుమరంగులో, పొగచూరిన వాసనతో ఉంటుంది. మొదటిసారి వాసన చూస్తే "మాడిందా?" అనిపిస్తుంది. రెండోసారి మీరే అడిగి మరీ వాసన చూస్తారు. సీసా ఒకటి కొనండి, కానీ చేతిసంచిలో పెట్టకండి, విమానంలో తీసేస్తారు.

మీ ఆయన మనసు అక్కడి నీటి దగ్గర ఆగుతుందని నా అంచనా. పల్లెలో పుట్టిన మనిషి కదా. ఒమన్ పల్లెలన్నీ ఫలజ్ మీద బతికాయి. కొండ లోపలి ఊటను పట్టి, సన్నటి రాతి కాలువలో, ఎక్కడా మోటారు లేకుండా, వాలు మీదే మైళ్ళకొద్దీ ఊరికి తెస్తారు. ముందు తాగడానికి, తర్వాత మసీదుకు, స్నానాలకు, చివర ఖర్జూర తోటలకు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళన్నది లెక్క. పగలు కర్ర నీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతులు మార్చేవారు. మన చెరువు కింద నీరటి తూము దగ్గర నిలబడి వంతులు పెట్టినట్టే. ఇలాంటి అయిదు ఫలజ్‌లను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఒకటి మీరు కొండెక్కే చోటే, బిర్కత్ అల్ మౌజ్‌లో ఉంది. కారాపి అయిదు నిమిషాలు కాలువ గట్టు మీద కూర్చోండి. నీళ్ళల్లో కాళ్ళు పెట్టాలనిపిస్తుంది, పై భాగంలో పెట్టకండి, అది తాగే నీరు.

మూడు రోజుల్లో ఒక రోజు ఎక్కడికీ వెళ్ళకండి. నిజంగానే. మీ 9 లక్షల్లో ఎక్కువ పోయేది ఈ గదికే, దాంట్లో కూర్చోండి.

శుక్రవారం మాత్రం తెల్లవారే లేవాలి. నిజ్వాలో శుక్రవారం పొద్దున్నే మేకల అంగడి. కోట పక్కన గుండ్రటి తిన్నె చుట్టూ కొనేవాళ్ళు కూర్చుంటారు, అమ్మేవాళ్ళు మేకను తాడుతో పట్టుకుని ధర అరుస్తూ గుండ్రంగా తిరుగుతుంటారు. నచ్చితే ఆపి పళ్ళు చూస్తారు, పొదుగు నొక్కి చూస్తారు. మన అంగడిలో మేకలు ఒకచోట ఉంటాయి, మనం తిరుగుతాం. అక్కడ మనం కూర్చుంటాం, మేకలు తిరుగుతాయి. ఎనిమిది దాటాక పలచబడిపోతుంది, కాబట్టి ఏడుకల్లా ఉండండి. తర్వాత కోట ఎక్కండి, 17వ శతాబ్దపు గుండ్రటి బురుజు. మెట్ల దారిలో తలుపుల మీద సన్నటి కంతలుంటాయి. శత్రువు లోపలికొస్తే మరిగే ఖర్జూర పాకం పైనుంచి పోసేవారట. మోకాళ్ళు మొరాయిస్తే సగంలో ఆగి ఆ కంతలు చూసి దిగిపోండి, పైన ఎండ తప్ప పెద్దగా పోయేదేమీ లేదు.

బయట ఒమనీ హల్వా షాపుల్లో రుచి చూపిస్తారు. నెయ్యి, చక్కెర, పిండి, కుంకుమపువ్వు, ఏలకులు, పైన జీడిపప్పో బాదమో. మాడుగుల హల్వా తిన్నవాళ్ళకు కొత్తగా ఉండదు, ఇది ఇంకా జిగురు. పక్కన చిన్న గిన్నెలో కహ్వా పోస్తారు, చక్కెర లేని ఏలకుల కాఫీ. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

అక్కడి నుంచి ఎడారికి దాదాపు మూడు గంటలు పడుతుంది. వహీబా ఇసుక ఉత్తర దక్షిణాలుగా 180 కిలోమీటర్లు పొడవు. బిదియా ఊరి దగ్గర తారు రోడ్డు ఆగిపోతుంది. అక్కడ బండి ఆపి టైర్లలో గాలి తగ్గిస్తారు, భయపడకండి, ఇసుకలో పట్టు కోసం. పేరున్న శిబిరాల్లో పక్కా స్నానాల గది, మంచం, ఏసీ ఉన్న గుడారాలుంటాయి. మీ ఆయన చూపు ముందు ఆ ఏసీ మీదికే వెళ్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. అస్తమయానికి గంట ముందు దిబ్బ ఎక్కించమనండి. బండి దిబ్బల మీద ఎగిరించే ఆట వద్దని డ్రైవర్‌కు ముందే చెప్పండి, మధ్యాహ్నం తిన్నది ఉండదు. ఎడారికి ఒక్క రాత్రి చాలు. రెండో రోజు ఇసుక చెవుల్లోంచి కూడా వస్తుంది.

శనివారం వాదీ బనీ ఖాలిద్. వాదీ అంటే వాగు. రాళ్ళ మధ్య పచ్చటి నీటి గుండాలు, కారు ఆపిన చోటి నుంచి నడక తక్కువ, దారి చదును. వీడియోల్లో అందరూ చూపించే వాదీ షాబ్ మీకొద్దు, అది రాళ్ళ మీద ముప్పావుగంట నడక, చివర ఈత. నీళ్ళలో దిగేటప్పుడు మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. ఒక్కమాట ఆయనకు కూడా చెప్పండి. ఎక్కడో కొండ మీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాదీ పొంగుతుంది. 2024 ఏప్రిల్‌లో ఇలాంటి వరదల్లోనే బడిపిల్లలతో సహా చాలామంది పోయారు. వాన హెచ్చరిక ఉందంటే డ్రైవర్ ఎంత ధీమా చెప్పినా ఆ రోజు వాదీ మానేయండి.

ఆ రాత్రి రాస్ అల్ జింజ్. పచ్చ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తీరం, 1996 నుంచి రక్షిత ప్రాంతం. రాత్రి తొమ్మిది ప్రాంతంలో, తెల్లవారుజామున గైడ్ వెంట గుంపుగా తీసుకెళ్తారు. ఎక్కువగా వచ్చేది మే నుంచి సెప్టెంబర్ దాకా, మార్చిలో ఒకటో రెండో కనిపిస్తే అదృష్టమే. ఇక్కడి గదులు మామూలువి, ఐదు నక్షత్రాల వైభవం ఈ రాత్రికి లేదు. ఇష్టం లేకపోతే ఈ రాత్రిని మస్కట్‌కు కలిపేసుకోవచ్చు. నన్నడిగితే వద్దంటాను. చీకట్లో ఆ పెద్ద తాబేలు ముందుకాళ్ళతో ఇసుక వెనక్కి చిమ్ముతుంటే మీ మొహాన పడుతుంది. మనుషులంతా ఊపిరి బిగబట్టి నిలబడతారు.

మర్నాడు సూర్ మీదుగా తీరం వెంట మస్కట్. సూర్‌లో చెక్క పడవలు ఇంకా చేత్తో కట్టే చోటు ఉంది, అరగంట ఆగండి.

భోజనానికి మీరు భయపడక్కర్లేదు. మస్కట్‌లో రూవీ నిండా మన శాకాహార హోటళ్ళే. కొండ మీద, ఎడారిలో గది బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, వంటవాళ్ళలో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, పప్పన్నం వచ్చేస్తుంది. ఇంటి నుంచి పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళండి గానీ గసగసాలు వేసినవి ఏవీ వద్దు. గల్ఫ్‌లో చాలాచోట్ల అది మత్తుపదార్థం కింద లెక్క. మోకాళ్ళ మందుల్లో ట్రమడాల్ లాంటివి ఉంటే డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకోండి.

డబ్బు సంగతి. రియాల్ విలువ 2.6 డాలర్లు, మన రూపాయల్లో 220 దాటే ఉంటుంది. 200 రియాళ్ళ గది అంటే రాత్రికి 44 వేల పైమాటే. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే సర్వీసు చార్జీ, పన్నులు విడిగా పడతాయి. ఏజెంట్‌ను "అన్నీ కలిపి చేతికి ఎంత?" అని రియాళ్ళలో రాసిమ్మనండి. సలాలా విమానం, ముసందం రిసార్టు, రెండు హోటళ్ళు తీసేశాక ఇంకా 11 లక్షలే అంటే ఇంకో ఏజెంట్‌ను చూడండి. ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే పన్ను) అని కొంత పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కానీ ముందు మీ చేతిలోంచే వెళ్ళాలి కాబట్టి 9 లక్షల లెక్కలో దానికి చోటు ఉంచుకోండి.

చివరగా ఆ హోటల్. ముందు గేటు నుంచి తీసుకెళ్ళాలన్న మీ కోరిక చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. అయినా సరే, ఆ గది మీరు ఒక్కరే నిర్ణయించి బుక్ చేయకండి. ఆ వెనక గేటు ఆయనకు అవమానంగా గుర్తుందో, గర్వంగా గుర్తుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. కొందరు "ఆ హోటల్ మొత్తం నా చేతి మీద నడిచేది" అని చెప్పుకుంటారు. కొందరు ఆ రోడ్డు కూడా ఎక్కరు. ఎలాగూ ప్రయాణం సంగతి చెప్పాలి కదా, అప్పుడే అడగండి: "ఆఖరి రెండు రాత్రులు మస్కట్‌లో ఎక్కడ ఉందాం?" అని. మూడు నాలుగు హోటళ్ళ ఫొటోలు ముందు పెట్టండి, అదీ వాటిలో ఒకటిగా. మీరేమీ అనకండి. ఆయన వేలు ఎటు వెళ్తే అటు. పక్కకు నెట్టేస్తే ఎందుకని అడగకండి.

ఆఖరి సోమవారం సాయంత్రానికి మాత్రం ఏమీ రాసిపెట్టుకోవద్దు. డ్రైవర్‌ను అయిదింటికే పంపించేసి, ఒక టాక్సీ ఎక్కి రూవీ అనండి. ఆ తర్వాత ఏ సందులో తిప్పాలో, ఏ కెఫెటీరియా ముందు ఆపాలో ఆయనే చెప్తారు.